ఎన్నో రోజండీ?

పొద్దున్నే పాలపాకెట్టు చేతిలో పెట్టిన పాలబూతు కుర్రాడు చిల్లర ఇవ్వడం మానేసి, "ఎన్నో రోజండీ?" అని అడిగాడు.

మా గోదావరి వైపు ఈ ప్రశ్న రెండిళ్లలోనే వినిపిస్తుంది. ఒకటి పురుడు వచ్చిన ఇల్లు. రెండోది పీనుగు లేచిన ఇల్లు. మా ఇంట్లో ఆ రెండూ జరగలేదు. జరిగిందల్లా నేను సిగరెట్టు మానెయ్యడం. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. మా ఆవిడా చెప్పలేదట. మా వీధిలో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. కుళాయిలో నీళ్లు రాని రోజు ఉంటుందేమో గానీ కబురు చేరని రోజు ఉండదు.

"యాభై ఎనిమిది" అన్నాను.

"సూపరండీ! ఇంక కొట్టేసినట్టే" అని బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను మొదటి సిగరెట్టు వెలిగించిన 1993లో వాడి తల్లిదండ్రులకి ఇంకా పెళ్లయి ఉండదు. అలాంటివాడి చేత శభాష్ అనిపించుకుని, చిల్లర మర్చిపోయి ఇంటికొచ్చాను.

అందుచేత, పాఠక మహాశయులారా, ఇది ఫిర్యాదు. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పయ్యేళ్లుగా ఊళ్లోవాళ్ల ఫిర్యాదులు తీసుకుని, వరస నంబరు వేసి, బీరువాలో భద్రంగా నిద్రపుచ్చిన అనుభవం నాది. ఎలా రాయాలో నాకు బాగా తెలుసు. ఫిర్యాది: నేను. ప్రతివాదులు: నాచేత సిగరెట్టు మాన్పిస్తున్న వారందరూ. నేరం: ప్రోత్సాహం.

ముందుగా ఫిర్యాది పూర్వోత్తరాలు. నాది రాజమండ్రి. పొగాకు మీద పరిశోధన చెయ్యడానికి 1947లోనే కేంద్ర ప్రభుత్వం సంస్థ పెట్టిన ఊరు. 1976లో పొగాకు బోర్డు పెట్టాల్సివస్తే మళ్లీ మన గుంటూరే కావలసివచ్చింది. మా తాతగారికి లంకపొగాకు చుట్ట లేనిదే తెల్లారేది కాదు. అమ్మమ్మది శ్రీకాకుళం వైపు. ఆవిడది అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లోకి పెట్టి కాల్చడం. పొయ్యి ముందు కూర్చుని, నోట్లో నిప్పు ఉంచుకుంటూనే నలుగురు కోడళ్లనీ చివాట్లు పెట్టేది. ఒక్క అక్షరం జారేది కాదు, ఒక్క రవ్వ రాలేది కాదు. ఆ అలవాటు అంగిలికి కేన్సర్ తెస్తుందని డాక్టర్లు ఎప్పుడో తేల్చారు. ఆ మాట మా అమ్మమ్మ ఎదుట నిలబడి చెప్పగల డాక్టరు మాత్రం ఆ తాలూకాలో లేడు. మన సాహిత్యం సంగతి చెప్పక్కర్లేదు. చదువు చెప్పమని అప్పగిస్తే శిష్యుడికి చుట్ట కాల్చడం నేర్పిన గిరీశాన్ని నూరేళ్లుగా నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాం. నేర్పడానికి అప్పుడు ఒక్క గురువు సరిపోయాడు. మాన్పించడానికి నాకు ఊరంతా గురువులే.

రికార్డు కోసం ఇంకో సంగతి. మా పెళ్లయిన 1995 నుంచి మా ఇంటి సరుకుల చీటీలో అగ్గిపెట్టె అనే పద్దు లేదు. పొద్దున దీపం పెట్టాలన్నా, గ్యాస్ లైటరు మొరాయించినా, కరెంటు పోయినా మా ఆవిడ వంటింట్లోంచి "ఏమండీ, అగ్గిపెట్టె" అంటుంది. నా చొక్కా జేబులోంచి అది వెళుతుంది, పని కాగానే తిరిగొస్తుంది. పొగ నా సొంతం, నిప్పు ఉమ్మడి ఆస్తి. నన్ను సిగరెట్టు మానమని ముప్పయ్యేళ్లు పోరిన మనిషి, ఆ సిగరెట్టు నిప్పుతోనే ముప్పయ్యేళ్లు దేవుడికి దీపం పెట్టింది. ఈ వైరుధ్యాన్ని ఒకసారి ఎత్తి చూపించబోయాను. ఆ పూట నాకు పెసరట్టు రాలేదు.

మానడం నాకు కొత్తేం కాదు. ఇంతకు ముందు అయిదుసార్లు మానాను.

మొదటిది 2003 పుష్కరాల్లో. కోటిలింగాల రేవులో మూడు మునకలేసి, ఇంక ముట్టనని గోదారమ్మకి మాటిచ్చాను. జులై 30న వచ్చిన పుష్కరుడు పన్నెండు రోజులుండి ఆగస్టు 10న వెళ్లిపోయాడు. ఆయనతో పాటు నా నిగ్రహమూ సెలవు తీసుకుంది. అంత నదికే పన్నెండేళ్లకోసారి పన్నెండు రోజులు చాలినప్పుడు నా బోటి గుమస్తాకి అంతకంటే ఎందుకు?

రెండోది 2008 అక్టోబరు 2న. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా అని దేశమంతటా అమలు మొదలైన రోజు. గాంధీగారి పుట్టినరోజున దేశంతో పాటు నేనూ మారిపోతున్నానని భోజనాల దగ్గర ప్రకటించాను. ఆ ప్రకటన కింది వాటాలో మాత్రమే అమలైంది. మేడ మీద నీళ్లట్యాంకు వెనకాల పాత ప్రభుత్వమే నడిచింది. తొమ్మిదో రోజు సాయంత్రం కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ రోజూ అనే గొంతుతోనే "ఏమండీ, అగ్గిపెట్టె" అంది. నా చెయ్యి నన్ను అడగలేదు. జేబులోకి వెళ్లింది, తీసింది, చీకట్లో చాపిన అరచేతిలో పెట్టింది. పదమూడేళ్ల కాపురం అలవాటు అలాంటిది. ఆవిడ పుల్ల గీసింది. ఆ వెలుగులో ఆవిడ మొహం నాకు, నా మొహం ఆవిడకి కనిపించాయి. పుల్ల వేలి దాకా కాలేవరకూ ఇద్దరం మాట్లాడలేదు. రెండో పుల్లతో దీపం వెలిగించి, అగ్గిపెట్టె తెచ్చి మళ్లీ నా జేబులోనే పెట్టేసింది. తిట్టి ఉంటే బావుండును. 200 జరిమానా కట్టమన్నా కట్టేవాణ్ణి.

మూడోది 2012లో, అయ్యప్ప మాల. 41 రోజులు దీక్షగా, అక్షరాలా మానేశాను. కర్పూరం వెలిగించాలి కాబట్టి జేబులో అగ్గిపెట్టె మాత్రం దీక్షకి భంగం కాదు. కొండకి వెళ్లొచ్చి మాల తీశాను. కర్పూరం పనీ అయిపోయింది. జేబులో అగ్గిపెట్టె ఒక్కత్తే మిగిలిపోయింది. దాని ఒంటరితనం చూడలేక సాయంత్రానికి తోడు తెచ్చాను.

నాలుగోది 2017లో, కాశీలో. అక్కడ ఇష్టమైనది ఒకటి వదిలెయ్యాలి కదా. మా బావమరిది ఎంతో బాధపడుతున్నట్టు మొహం పెట్టి కాకరకాయ వదిలాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి వాడు కాకరకాయ ముట్టింది లేదు. నా వంతు వచ్చేసరికి మాత్రం అందరూ చుట్టూ మూగి, పురోహితుడి చేత గోత్రనామాలతో సహా సిగరెట్టే వదిలించారు. ఆ వ్రతం మొగల్‌సరాయి స్టేషను దాకా నిలబడింది. న్యాయంగా చూస్తే నేను వదిలింది కాశీలో. మొగల్‌సరాయి వేరే ఊరు, వేరే జిల్లా.

అయిదోది 2021లో, నికోటిన్ చూయింగ్ గమ్‌తో. దాన్ని పళ్లతో నెమ్మదిగా నాలుగు నలుపులు నలిపి, చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య దాచుకోవాలి. ఆ సారం చిగురులోంచి ఎక్కాలి గానీ గొంతులోకి దిగకూడదు. ఇవన్నీ డబ్బాలోని కాగితం మీద రాసి ఉన్నాయి. ముప్పయ్యేళ్లుగా కాగితాలు చదవకుండా సంతకాలు పెట్టే ఉద్యోగం నాది. ఒక గృహప్రవేశంలో, సత్యనారాయణ వ్రతం మూడో కథ దగ్గర, వరసగా రెండు వేసుకుని ఆవు నెమరేసినట్టు నమిలి మింగాను. వెక్కిళ్లు పట్టుకున్నాయి. మంగళహారతి దాకా వదల్లేదు. "ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారండీ" అన్నారు పీటల మీద ఆవిడ. ఎవరు తలుచుకుంటున్నదీ నాకు తెలుసు. బయట చెప్పుల దగ్గర, స్కూటరు డిక్కీలో ఉంది.

ఇక ఈ ఆరోసారి. మా ఆఫీసు మూడో అంతస్తులో. లిఫ్టు ఎప్పుడూ మరమ్మతులో. ఓ రోజు మెట్ల మీద రెండో మలుపు దగ్గర రొప్పుతూ గోడ పట్టుకుని నిలబడ్డాను. ఎనభై ఏళ్ల పింఛనుదారు ఒకాయన, చంకలో ఫైలుతో, నన్ను దాటుకుని ఎక్కేసి, పైనుంచి తొంగిచూసి "కంగారు లేదు బాబూ, నెమ్మదిగా రండి, నేను కూర్చుంటాను" అన్నాడు. నా దగ్గర పని పడ్డ మనిషి నాకోసం నిరీక్షించడం మామూలే గానీ, ఇలా కాదు.

సిగరెట్టు పెట్టె మీద మానేవాళ్ల కోసం ఒక ఉచిత నంబరు వేస్తారని విన్నాను. కానీ నేను కిళ్లీకొట్టులో లూజు కొనేవాణ్ణి. అక్కడ పెట్టె దుకాణదారుడిది, నంబరూ అతనిదే. దాంతో సిగరెట్టు మానడం కోసం జీవితంలో మొదటిసారి నిండు పెట్టె కొన్నాను. 1800-11-2356. నంబరు రాసుకున్నాక చూస్తే లోపల పది ఉన్నాయి. ప్రజాధనం పారెయ్యడం నాకు అలవాటే గానీ, సొంత డబ్బు పారెయ్యలేను. కాబట్టి శుభారంభం ఒక రోజు వాయిదా పడింది.

ఫోనులో అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారని అడిగింది. కాఫీ చల్లారేలోపు అన్నాను. ఇదివరకు ఎన్నిసార్లు మానారని అడిగింది. అయిదని చెప్పి, నవ్వుతుందేమోనని చెవి అప్పగించాను. నవ్వలేదు. "అయితే మీకు అయిదుసార్ల అనుభవం ఉందండీ" అని రాసుకున్నట్టుంది. తాగాలనే కోరిక పుట్టినప్పుడు నాలుగైదు నిమిషాలు ఓర్చుకుంటే అదే పోతుందట, మంచినీళ్లు తాగాలట, చేతికి ఏదో పని పెట్టాలట. ఆ నాలుగైదు నిమిషాలు గడపడం ఎలాగన్నదే నా సమస్య. సిగరెట్టు తాగితే సరిగ్గా అయిదు నిమిషాలు గడుస్తుంది. అయినా ఆ అమ్మాయిని ప్రతివాదుల జాబితాలోంచి మినహాయిస్తున్నాను. చెప్పిన తేదీకి ఫోను చేసి, "ఈ వారం ఏ వేళ కష్టంగా ఉంది?" అని అడిగేది. ఎన్నో రోజని ఒక్కసారీ అడగలేదు.

ఇక ప్రతివాదులు.

ఒకటో ప్రతివాది మా అబ్బాయి, డాలస్ నివాసి. రాత్రి భోజనాల వేళ వీడియోలో ప్రత్యక్షమై లెక్కలు చదువుతాడు. సిగరెట్టు ఆపిన ఇరవై నిమిషాలకి గుండె వేగం తగ్గుతుంది నాన్నా, 12 గంటలకి ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ మామూలుకొస్తుంది, ఏడాదికి గుండెజబ్బు ముప్పు సగమవుతుంది అంటాడు. నేను రోజుకి పది తాగేవాణ్ణి, ఒకదానికీ ఇంకోదానికీ గంటన్నర ఎడం. అంటే వాడు చెప్పే ఆ మొదటి ఇరవై నిమిషాల లాభం 32 ఏళ్లుగా రోజుకి పదిసార్లు పొందుతూనే ఉన్నానన్నమాట. ఈ మాట అంటే ఫోను పెట్టేశాడు.

రెండో ప్రతివాది మా అమ్మాయి, హైదరాబాదు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున "నాన్న డే 4", "నాన్న డే 5" అని పెడుతుంది. కింద ముప్పై రెండు మంది బంధువులు చప్పట్లు కొడతారు. అందులో నా పెళ్లిభోజనంలో పప్పు మాడిందని అలిగి, ఇరవై తొమ్మిదేళ్లు మాట్లాడని పెదనాన్నగారబ్బాయి కూడా ఉన్నాడు. ఇప్పుడతను రోజూ దండం బొమ్మ పెడుతున్నాడు. హాయిగా సాగుతున్న వైరం ఒకటి నా సిగరెట్టుతో పాటు ఆరిపోయింది.

మూడో ప్రతివాది పైన చెప్పిన కాకరకాయ త్యాగి. "ఒక్క దెబ్బతో మానేశాను బావగారూ, మనసుండాలి అంతే" అంటాడు. వాడు మానిందెప్పుడు? ఇంటర్మీడియట్లో. తాగిందెన్ని? మూడు. మూడోది సగం కాల్చాక వాళ్ల నాన్నగారు వీపు చిట్లగొట్టారు. దెబ్బ ఒక్కటే అన్న మాట మాత్రం నిజం.

నాలుగో ప్రతివాది ఇరుగుపొరుగు, ఉమ్మడిగా. నోరు ఊరుకోదని పక్కింటి పిన్నిగారు లవంగాలు, ఎదురింటి మాస్టారు ఎండబెట్టిన ఉసిరి ముక్కలు, మేడ మీద వాళ్లు సోంపు ఇచ్చారు. నా చొక్కా జేబు పచారీకొట్టయింది. ఇస్త్రీ అతను చొక్కా దులిపి, "పలావు చేసుకోవచ్చండీ" అన్నాడు.

అయిదో ప్రతివాది అయిదేళ్ల మనవడు, సెలవులకి వచ్చాడు. బజారునుంచి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలో అడ్డం నిలబడి "తాతయ్యా, హా అను" అంటాడు. అంటాను. వాసన చూసి, వెనక్కి తిరిగి "ఓకే" అని వంటింటికి కేక వేస్తాడు. అప్పుడు గానీ నాకు నా ఇంట్లో ప్రవేశం లేదు.

ఆరో ప్రతివాది సినిమా హాలు. 2012 నుంచి బొమ్మకి ముందు పొగాకు హెచ్చరిక వేస్తున్నారు. తెర మీద స్పాంజిని పిండగానే నల్లటి తారు కారింది. మా వరసలో ఉన్న ఏడుగురు కుటుంబసభ్యులూ ఒక్కసారిగా తలలు తిప్పి తెర చూడ్డం మానేసి నన్ను చూశారు.

ఏడో ప్రతివాది వేరే రకం. ఆఫీసు ఎదుట టీ బడ్డీ దగ్గర మా సీనియర్ అసిస్టెంటు. "మానండి, మానాల్సిందే. ఇవాళ మాత్రం ఒక్క దమ్ము లాగండి, ఏం కాదు" అంటాడు. ప్రోత్సహించేవాళ్లందరిలో ఈయన ఒక్కడే నా కష్టం అర్థం చేసుకున్నవాడు. అందుకే ఆయన్ని చూస్తే నాకు భయం. ఇప్పుడు టీ ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటున్నాను.

కిళ్లీకొట్టాయన ఒక్కడే పల్లెత్తు మాట అనలేదు. నలభయ్యో రోజున ఎదురుపడ్డాను. కొట్టు గుంజకి వేలాడే కొబ్బరితాడు కొస ఎర్రగా రాజుకుంటోంది. ఎన్ని వేలసార్లు దానిముందు వంగానో! ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బతికే ఉన్నారా! ఖాతాలో నూట ఎనభై ఉందని ఇంటికెళ్లి అడగడం బాగోదని ఊరుకున్నానండీ" అన్నాడు. కట్టేశాను. వెళ్లిరండి అన్నాడు. మళ్లీ రండి అనలేదు. 32 ఏళ్ల స్నేహానికి అంతకంటే మర్యాదగా వీడ్కోలు ఉండదు.

ప్రతివాదుల సంగతి అలా ఉంచి, నా శరీరం మీద కూడా నాకు ఫిర్యాదుంది. తాగిన రోజుల్లో రాని దగ్గు మానాక వచ్చింది. ఊపిరితిత్తుల్లో చీపురు పని చేసే సన్నటి నూగు మళ్లీ లేచి ఊడుస్తోందట, మంచిదేనట. ప్యాంటు నడుము దగ్గర పట్టడం లేదు. పొద్దున కాఫీ, పేపరు, సిగరెట్టు అనే త్రిమూర్తుల్లో ఒకరు తప్పుకునేసరికి లోపలి వ్యవహారం మూడు వారాలు పెండింగులో పడింది. అన్నిటికంటే ఘోరం, ముక్కు పనిచేస్తోంది. మా వీధి చివర మురుగుకాలవ ఉందని ఇన్నాళ్లూ కంటితో చూశాను గానీ అది ఇంతటిదని తెలియదు. ఆఫీసు క్యాంటీను సాంబారు రుచి తెలిసింది. తెలియకుండా ముప్పయ్యేళ్లు ఎంత సుఖంగా తిన్నాను! మా ఆవిడ చేసే పనసపొట్టు కూరలో ఆవపెట్టిన ఘాటు ముక్కుకెక్కి కళ్లు చెమర్చాయి. ఆవిడ అపార్థం చేసుకుని ఇంకో గరిటె వడ్డించింది.

ఆవిడని ఏ నంబరు ప్రతివాదిగా వెయ్యాలో తేలక చివర పెట్టాను. ఎందుకంటే ఈ 58 రోజుల్లో ఆవిడ నన్ను ఒక్క ముక్క ప్రోత్సహించలేదు. శభాష్ అనలేదు. డే 4 అనలేదు. లవంగం ఇవ్వలేదు. మొదటి రోజున పక్కింటికెళ్లి అగ్గిపెట్టె బదులు తెచ్చుకుంది. అది అయిపోతే ఇంకొకటి, వీధి చివర కొట్లో, ఒక్కటంటే ఒక్కటే కొంది. ఎన్నాళ్లులే, మళ్లీ జేబులోకి వస్తుందిగా అన్న లెక్క. నా మాట మీద ఆవిడకున్న నమ్మకం ఎప్పుడూ ఒక్క అగ్గిపెట్టె కొలత.

నలభై రెండో రోజు, అంటే అయ్యప్ప దీక్ష రికార్డు దాటిన రోజు, నెల సరుకులకి చీటీ చేతికిచ్చింది. కందిపప్పు రెండు కిలోలు, మినపగుళ్లు, చింతపండు, ఆవాలు. అన్నిటికిందా, ఆవిడ గుండ్రటి అక్షరాల్లో, "అగ్గిపెట్టెలు - డజను."

రెండుసార్లు చదువుకున్నాను. 2021 డిసెంబరులో అగ్గిపెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలైంది. అంటే 24 రూపాయలు. సిగరెట్టు మానితే డబ్బు మిగులుతుందని చెప్పిన ప్రతివాదులెవరూ ఈ ఖర్చు సంగతి చెప్పలేదు.

రాత్రి మళ్లీ కరెంటు పోయింది. పడక్కుర్చీలో ఉన్నాను. అలవాటు ప్రకారం చెయ్యి జేబులోకి వెళ్లి, లవంగాల పొట్లం దగ్గర ఆగింది. పిలుపు కోసం చూశాను. "ఏమండీ" అని వినపడలేదు. వంటింట్లో పుల్ల గీసిన చప్పుడైంది. గోడ మీద వెలుగు కదిలింది. ముప్పయ్యేళ్లలో మొదటిసారి, కరెంటు పోయిన చీకట్లో, మా ఇంట్లో దీపం నాతో పని లేకుండా వెలిగింది.

దీన్ని కూడా ఫిర్యాదులో చేర్చుకోవలసిందిగా ప్రార్థన.